షెడ్డు ఒకటే, ఫర్మ్‌లు మూడు, పీఎఫ్ మాత్రం ఎవరికీ లేదు

ఎడిటర్ గారికి నమస్కారం,

చీమకుర్తి గ్రానైట్ యూనిట్లలో పనిచేసేవాళ్ల పీఎఫ్ సంగతి మీ పేపర్లో ఒకసారి గట్టిగా రాయండి సార్. నేను ఒంగోల్లో లెక్కలు రాసే పనిలో ఉన్నా, కాబట్టి ఈ కాగితాలు ఎట్టా తయారవుతాయో నాకు బాగా తెలుసు. కటింగ్ ఓనరు పేరు మీద, పాలిషింగ్ భార్య పేరు మీద, స్లాబులు అమ్మేది తమ్ముడి పేరు మీద. మూడు జీఎస్టీ నంబర్లు, మూడు హాజరు పుస్తకాలు, ఒక్కోదాంట్లో పన్నెండు పదమూడు మంది. గేటు మాత్రం ఒకటే, క్రేన్ ఒకటే, శనివారం బట్వాడా చేసేదీ ఒకాయనే, పొద్దున కటింగ్ మెషిన్ కాడ ఉన్న కుర్రాడే మధ్యాహ్నం పాలిషింగ్ కాడ ఉంటాడు. ఇరవై మంది ఉంటే పీఎఫ్ కట్టాలి గనక ఈ ముక్కలు చెయ్యడం, అంతే.

అడిగితే ఏ ఫర్మ్ ఆ ఫర్మే గదా అంటారు. కానీ 1952 పీఎఫ్ చట్టం 2ఏ సెక్షన్లో సంస్థకి ఎన్ని విభాగాలు, బ్రాంచీలున్నా అన్నీ కలిపి ఒకటే లెక్క అని రాశారు. 2011లో గదోడియా కేసులో సుప్రీంకోర్టు ఒకే కుటుంబం నడిపే రెండు కంపెనీలని కలిపి ఒకే సంస్థ అని తేల్చింది. అట్టాగని అన్నదమ్ములు నిజంగానే వేరువేరుగా వ్యాపారం చేసుకుంటుంటే వాళ్లని కలపమని నేను అనట్లా, అది అన్యాయం. పెత్తనం ఎవరిది, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తంది, పనివాళ్లు అటూ ఇటూ మారుతున్నారా, ఒకటి ఆగితే రెండోది నడుస్తదా, ఇవన్నీ చూసే తేలుస్తారు. కాంట్రాక్టరు తెచ్చిన మనుషులూ ఆ ఇరవైలో లెక్కే. కొత్త సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ ఇరవై మారలేదు.

పోయేది ఎంతో చూడండి. పదిహేను వేల జీతగాడికి ఓనరు వాటా 12 శాతం అంటే నెలకి 1,800, ఏడాదికి 21,600. అందులో 8.33 శాతం పెన్షన్‌కి పోతది. పెన్షన్‌కి పదేళ్లు పట్టుద్దిలే, మనకెందుకు అనుకుంటారు చాలామంది, కానీ మనిషి పోతే ఒక్క నెల పెన్షన్ వాటా కట్టున్నా చాలు, భార్యకి పెన్షన్ వస్తది, దాంతోపాటు పీఎఫ్‌తో వచ్చే ఈడీఎల్‌ఐ అనే జీవిత బీమా 7 లక్షల దాకా ఉంది. పెద్ద పెద్ద స్లాబుల మధ్య, రాతి దుమ్ములో పనిచేసేవాళ్లకి ఇది లేకపోతే ఆ ఇంటివాళ్లు ఎవరి గుమ్మం తొక్కాలండీ?

పీఎఫ్ అధికారులు ఆఫీసులో కూర్చుని ఒక్కో హాజరు పుస్తకం విడిగా చూస్తే ఏమీ దొరకదు, షెడ్డుకొచ్చి మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి, కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారో అడగాలి. ఆడిటర్లు కూడా ఓనర్లకి ముందే చెప్పాలి, తర్వాత దొరికితే పాత బకాయిల మీద 12 శాతం వడ్డీ, పైన డ్యామేజీలు పడతాయని. పనివాళ్లూ, నాకు యూఏఎన్ నంబరు, అంటే పీఎఫ్‌లో నా పేరు మీదుండే నంబరు ఉందా అని సూపర్వైజర్ని అడగండి, లేదంటే ఒంగోల్లో లేబర్ ఆఫీసుకో పీఎఫ్ వాళ్లకో కాగితం పెట్టండి, ఒక్కడుగా కాకుండా మూడు ఫర్మ్‌ల వాళ్లూ కలిసి సంతకాలు పెట్టి.

ఇట్లు,
ఒక అకౌంటెంట్, ఒంగోలు