గండికోట రైడ్ వాయిదా వేశాను, కారణం ఇదీ

అన్నలకూ అక్కలకూ నమస్కారం. ఈ ఆదివారం పెట్టుకున్న గండికోట మౌంటెన్ బైక్ రైడ్‌ను డిసెంబరు రెండో ఆదివారానికి మార్చాను. ఆ తేదీ ఎవరికి కుదరకపోయినా కట్టిన డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాను.

వానల వల్ల అని చెప్పి ఊరుకోవచ్చు. వాన కూడా నిజమే. జమ్మలమడుగు చుట్టుపక్కల నల్లరేగడి తడిస్తే టైరుకు అంటుకుని, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కింద ముద్దగా బిగుసుకుంటుంది, నాలుగు బారలు పోకముందే చక్రం తిరగదు. కానీ అసలు కారణం పోయినసారి నేను చేసిన తప్పు. ఎవరి సైకిలూ ముందుగా చూడకుండానే అందర్నీ బయల్దేరదీశాను.

ఆ రోజు పన్నెండు మందిమి వెళ్లాం. జమ్మలమడుగు నుంచి కోట దాకా పదిహేను కిలోమీటర్లు తారు రోడ్డే, అందరూ హుషారుగా తొక్కారు. మట్టిబాట పట్టిన అరగంటకే ఒక తమ్ముడి వెనక గేరు రాతికి తగిలింది. గేరును ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ విరిగిపోయింది. హ్యాంగర్ ఒక్కో మోడల్‌కు ఒక్కో రకం. నా సంచిలో మూడు రకాలు ఉన్నాయి, అతనికి సరిపోయేది లేదు. అలాంటప్పుడు చైను తెంపి పొట్టి చేసి ఒకే గేరు మీద ఇంటికి చేరవచ్చు. చైను పిన్ను తీసే టూలు నా షాపులో బల్ల మీదే మర్చిపోయి వచ్చాను. ఆ పిల్లాడు ఆరు కిలోమీటర్లు ఎండలో సైకిల్ తోసుకుంటూ నడిచాడు. సీసాలో నీళ్లు సగం దారిలోనే అయిపోయాయి. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే అతని డబ్బు తిరిగి ఇచ్చేశాను.

అదే రోజు ఇంకొకరికి ఒకే ట్యూబు నాలుగుసార్లు పంచరైంది. తొందరలో మొదటి మూడుసార్లూ ప్యాచ్ వేసి గాలి కొట్టాను. నాలుగోసారి టైరు పూర్తిగా విప్పి, లోపలి వైపు బొటనవేలితో మెల్లగా తడుముతూ పోతే చురుక్కుమంది. పల్లేరు ముల్లు మొన. బియ్యపు గింజలో సగం కూడా లేదు, రబ్బరులో దిగి విరిగిపోయింది. బయటి నుంచి చూస్తే ఒక నల్లటి చుక్క, అంతే. పట్టకారుతో లాగేశాక మళ్లీ పంచర్ పడలేదు. మీరు ఒక్కరే ఎటైనా వెళ్లినా ఇది గుర్తుపెట్టుకోండి: కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపల చుట్టూ తడిమి చూడాలి.

పల్లేరు కాయలు, కంప ముళ్లు మన దగ్గర ఎటూ తప్పవు. అందుకే ట్యూబులో సీలెంట్, అంటే చిన్న రంధ్రం పడితే తనంతట తానే మూసే ద్రవం, పోయించుకోమంటున్నాను. అది మన ఎండలకు రెండు మూడు నెలల్లోనే ఎండిపోతుంది, ఎప్పుడో పోయించాం కదా అని నమ్ముకోవద్దు. గాలి విషయంలో చాలామంది పొరపడుతున్నారు. రాళ్ల బాటకు మెత్తగా ఉండాలని మరీ తగ్గిస్తే, రాతి అంచుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. వెడల్పు టైరు, డెబ్బై కిలోల మనిషి అయితే ట్యూబు ఉన్నవాళ్లకు గాలి ఒత్తిడి ముప్పై పీఎస్ఐ (పంపు మీటరు మీద కనిపించే కొలత) దగ్గర బాగుంటుంది.

ఈసారి వెనకాల ఒక ఆటో ట్రాలీ వస్తుంది, నీళ్ల క్యాన్లు, టూల్సు అందులోనే. దానికోసం మనిషికి ఆరు వందలు ఉన్నది తొమ్మిది వందలు చేశాను. పెంచడం నాకూ ఇబ్బందిగానే ఉంది, కానీ బండి లేకుండా ఇంకోసారి ఎవర్నీ తీసుకుపోలేను. అయినా మీ వీపు మీద మూడు లీటర్ల నీళ్లు ఉండాల్సిందే. ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపితే ప్యాకెట్ మొత్తం దాని మీద రాసినన్ని నీళ్లలో కలపండి, సగం సగం వద్దు. లోయ అంచున మాత్రం ఎవరూ తొక్కకూడదు. అక్కడ దిగి నడుద్దాం.

చాలామంది లంకమల అడవి రైడ్ ఎప్పుడని అడుగుతున్నారు. పెట్టను. అది అభయారణ్యం. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, ఇక లేదనుకున్న కలివికోడి 1986లో మళ్లీ దొరికింది ఆ పొదల్లోనే. నేల మీదే తిరిగే పిట్ట అది, పొదల మధ్య ఖాళీ జాగాలే దాని ఇల్లు. అక్కడ మన టైర్లతో కొత్త బాటలు వేయడం నాకు ఇష్టం లేదు. మా నాన్న ఆ వైపు గొర్రెలు మేపుకున్న మనిషి, ఆ అడవి అంటే మా ఇంట్లో వేరే గౌరవం.

డిసెంబరు రైడ్‌కు వచ్చేవాళ్లు దానికి ముందటి గురువారం సాయంత్రం ఆరులోపు మీ సైకిల్‌ను నా షాపుకు తీసుకురండి. చూసినందుకు డబ్బు తీసుకోను. బ్రేకు ప్యాడ్లు, చైను, హ్యాంగర్ నా చేత్తో చూసి, మీ హ్యాంగర్ రకం రాసి పెట్టుకుంటాను. నా దగ్గర లేనిదైతే తెప్పించడానికి టైం కావాలి, కాబట్టి కొత్త మోడళ్లు ఉన్నవాళ్లు ఈ వారమే ఒకసారి వచ్చి చూపించి వెళ్లండి.