అగ్నిగోళాల వార్తల్లో సమయం, దిక్కు కూడా రాయండి

సంపాదకుల వారికి,

ఆర్యా,

రాత్రివేళ ఆకాశంలో పెద్ద వెలుగు కనబడిందని, కొండల అవతల ఏదో పడిందని మన జిల్లా పేజీల్లో అప్పుడప్పుడు వార్తలు వస్తుంటాయి. జనం హడలిపోయారని, అధికారులు ఆరా తీస్తున్నారని వాటిలో ఉంటుంది గానీ, అది ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు కనబడింది, ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు సాగింది, ఎన్ని సెకన్లు నిలిచింది అన్న వివరాలు దాదాపు ఎప్పుడూ ఉండవు. ఆ వెలుగు ఏమిటో తేల్చడానికి పనికొచ్చేవి మాత్రం అవే.

శుక్రగ్రహాన్ని మించిన కాంతితో మండే ఉల్కను అగ్నిగోళం అంటారు. అది మండేది నేలకు పదుల కిలోమీటర్ల ఎత్తున కాబట్టి, శేషాచలం వెనకనే పడిందని తిరుపతి వాసులు ఒట్టేసి చెప్పేది నిజానికి కడప దాటి ఎక్కడో ఆరిపోయి ఉండవచ్చు. ఒక్క చోట చూసినవారి మాటతో దూరం తేలదు. శ్రీకాళహస్తిలో ఒకరు, చిత్తూరులో ఒకరు, మదనపల్లెలో మరొకరు చూసిన దిక్కులను, ఎత్తులను కలిపితేనే అది సాగిన దారి లెక్కకు అందుతుంది. 1959 ఏప్రిల్ 7న చెకోస్లొవేకియాలోని ప్రిబ్రామ్ దగ్గర రాలిన ఉల్కాశిలలకు, వేర్వేరు చోట్ల తీసిన ఫొటోల ఆధారంగానే, సూర్యుని చుట్టూ అవి తిరిగిన కక్ష్యను మొదటిసారిగా లెక్కకట్టగలిగారు.

ఎత్తు చెప్పడానికి పరికరాలేమీ అక్కర్లేదు. చెయ్యి పూర్తిగా చాచి పట్టిన పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు కనుక, దిగంతం నుంచి ఎన్ని పిడికిళ్ల ఎత్తున కనబడి ఎన్ని పిడికిళ్ల ఎత్తున ఆరిందో చెబితే చాలు. వెలుగు పోయాక ఉరుములాంటి శబ్దం వినబడిందా, ఎంతసేపటికి వినబడింది అన్నది కూడా అడగాలి. 30 కిలోమీటర్ల ఎత్తు నుంచి శబ్దం కిందికి రావడానికి నిమిషంన్నర పడుతుంది. అలా శబ్దం వినబడితే రాళ్లు నేలకు చేరి ఉండే అవకాశం ఎక్కువ. అటువంటి రాయి దొరికితే భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు అప్పగించాలన్న సంగతి మన పల్లెల్లో ఎందరికి తెలుసు?

2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద పేలిన అగ్నిగోళం దారిని కార్లలోని కెమెరాలు, వీధి కెమెరాలు పట్టించాయి. మన దగ్గరా కూడళ్లలో, బంగారు కొట్ల ముందర సీసీ కెమెరాలకు కొదవ లేదు, కాకపోతే కొన్నాళ్లకు పాత రికార్డు మీద కొత్తది ఎక్కిపోతుంది. అగ్నిగోళం కెమెరాకు చిక్కిన దృశ్యాన్ని వెంటనే దాచిపెట్టి, కెమెరా గడియారం సెల్‌ఫోన్ సమయంతో ఎంత తేడాగా ఉందో రాసిపెట్టుకొని, కెమెరాను కొన్నాళ్లు కదపకుండా ఉంచితే, అందులోని స్తంభాలను, మేడలను గుర్తులుగా పెట్టుకొని కోణాలు కొలవవచ్చు.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఉల్కల రాడారు ఉన్నమాట నిజమే. అయితే ఉల్కలు వదిలిన జాడలను బట్టి 80 నుంచి 100 కిలోమీటర్ల ఎత్తున వీచే గాలులను కొలవడం దాని ముఖ్యమైన పని. ఒక అగ్నిగోళం ఎక్కడ రాలిందో తెలియాలంటే చూసినవాళ్లూ కెమెరాలూ కావాలి. శ్రీహరికోట దగ్గరే ఉండటం వల్ల మనకు ఇంకో చిక్కు ఉంది. తూర్పున నిమిషాల తరబడి పైకెక్కే వెలుగు రాకెట్టు. ముక్కలవుతూ నింపాదిగా ఆకాశాన్ని దాటేది చాలావరకు కూలుతున్న రాకెట్టు శకలం. ఉల్క కొన్ని సెకన్లలో ముగిసిపోతుంది. నిలిచిన సమయం రాస్తే సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

2016 ఫిబ్రవరిలో పొరుగునే ఉన్న వేలూరు జిల్లాలో ఒక ఇంజినీరింగ్ కళాశాల ఆవరణలో పేలుడు జరిగి ఒకరు చనిపోతే, ఉల్క పడిందని పత్రికలు రాసేశాయి. అక్కడి ఫొటోలు నేల మీద జరిగిన పేలుడును సూచిస్తున్నాయని నాసా శాస్త్రవేత్తలు చెప్పేసరికి ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది.

ఏటా డిసెంబరు 13, 14 తేదీల్లో జెమినిడ్ ఉల్కాపాతం వచ్చినప్పుడు ‘గంటకు 120 ఉల్కలు’ అని పత్రికలు రాస్తాయి. అది చీకటి ఆకాశానికి వేసిన లెక్క. తిరుపతి దీపాల కింద, ఈశాన్య రుతుపవనాల మబ్బుల నడుమ అందులో కొద్దిపాటి మాత్రమే కనబడతాయి. అదే వార్త పక్కన పైన చెప్పిన ప్రశ్నలను, పాఠకులు జవాబులు పంపడానికి మీ కార్యాలయపు వాట్సాప్ నంబరును ఒక చిన్న పెట్టెలో వేసి, వచ్చిన జవాబులను విశ్వవిద్యాలయానికి అందజేయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
చిత్తూరు