కడప సంఘం వార్షిక నివేదిక, 2024-25

సభ్యులందరికీ నమస్కారం.

రక్తదాన శిబిరం, పిల్లలకు నోటు పుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి విడిగా సమర్పిస్తారు. ఈ ఏడాది మన శ్రమలో సింహభాగం ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకే వెచ్చించాం కనుక దాని గురించే వివరంగా రాస్తున్నాను.

దగ్గు తగ్గకపోతే మన జిల్లాలో మొదట క్షయనే అనుమానిస్తారు. అది సహజమే. కానీ కళ్లె పరీక్షలో క్షయ బయటపడకపోయినా అవే మందులు వాడుతూ పోతే విలువైన నెలలు చేజారుతాయి. రాతినార (ఆస్బెస్టాస్), సిలికా దుమ్ము కూడా పొగాకులాగే ఈ క్యాన్సర్‌కు కారణమవుతాయి. అందుకే ఎర్రగుంట్ల నాపరాళ్ల కార్మికుల మధ్య, ఒకప్పుడు రాతినార గనులున్న పులివెందుల వైపు అవగాహన సభలు పెట్టాం.

అన్ని సభల్లోనూ నొక్కి చెప్పింది ఒక్కటే: ముక్క పరీక్షలో (బయాప్సీలో) క్యాన్సర్ అని తేలగానే, అది ఏ రకమో, జన్యు పరీక్ష అవసరమో వైద్యుణ్ణి అడగండి. అడినోకార్సినోమా రకంలో ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉంటే మాత్రలతోనే చికిత్స మొదలుపెట్టవచ్చు. పొగ తాగని స్త్రీలలో ఈ మార్పు ఎక్కువగా కనిపిస్తుంది. అలాంటి మాత్రల్లో పాతదైన జెఫిటినిబ్ జనరిక్ రూపంలో దొరుకుతోంది. దానికన్నా మెరుగైన ఓసిమెర్టినిబ్‌పై కస్టమ్స్ సుంకాన్ని 2024 జులై బడ్జెట్‌లో ఎత్తేశారు. అయినా దాని ధర సామాన్యుడికి అందనంత ఎత్తులోనే ఉంది. ఇది అన్యాయమని సంఘం తరఫున గట్టిగా చెబుతున్నాను.

మందు పనిచేస్తున్నా క్యాన్సర్ ఊరుకోదు. జెఫిటినిబ్ వంటి పాత మాత్రలు వాడినవారిలో దాదాపు సగం మందికి టీ790ఎమ్ అనే కొత్త మార్పు వచ్చి మందు పట్టదు. కొద్దిమందిలో కణితి ఏకంగా స్మాల్ సెల్ రకంగా మారిపోతుంది. అత్యంత వేగంగా పాకే రకం అది. అందులో కణాలు అదుపు తప్పి పెరగకుండా చూసే టీపీ53, ఆర్‌బీ1 అనే కాపలా జన్యువులు రెండూ దెబ్బతిని ఉంటాయి. పోయిన కాపలాను తిరిగి నిలబెట్టే మాత్ర ఇంతవరకు లేదు. ఎటోపోసైడ్, ప్లాటినం అనే కీమోథెరపీ మందులకు కణితి మొదట చకచకా కరుగుతుంది, చాలామందిలో నెలల్లోనే తిరగబెడుతుంది. ఇంట్లోవాళ్లు కుంగిపోయేది అప్పుడే. మన మహిళా సభ్యులు ఆ ఇళ్లకు వెళ్లి తోడుగా కూర్చున్నారు. వారికి ప్రత్యేక కృతజ్ఞతలు.

వ్యాధి తిరగబెట్టినప్పుడు వీలైతే మళ్లీ ముక్క తీయించాలి. తిరుపతికో వేలూరుకో వెళ్లేవారు మొదటి పరీక్షలో తీసిన ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు, గాజు స్లైడ్లు వెంట తీసుకెళ్లాలి. అవి లేక వెనక్కి వచ్చినవారికి ల్యాబుల నుంచి తెచ్చి ఇచ్చాం.

వచ్చే ఏడాది సంక్షేమ నిధిలో కొంత భాగం జన్యు పరీక్షలకు, రెండో ముక్క పరీక్ష ప్రయాణ ఖర్చులకు కేటాయించాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. సర్వసభ్య సమావేశంలో ఆమోదించవలసిందిగా మనవి.

కార్యదర్శి