గొరెమె వాసులకు మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు

తుర్కియే దేశంలోని కపడోకియా ప్రాంతంలో, గొరెమె అనే చిన్న ఊరిలో మా అమ్మగారు రాతిమెట్ల మీద జారిపడి కుడి మణికట్టు విరిగినప్పుడు మమ్మల్ని ఆదుకున్న స్థానికులకూ, తిరిగి వచ్చాక వారికి వారి భాషలోనే మర్యాదగా ఉత్తరం రాయడానికి తోడ్పడిన, అంకారాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థికీ బహిరంగంగా కృతజ్ఞతలు చెప్పుకోవడానికి ఇది రాస్తున్నాను. పేర్లు రాయడానికి వారి అనుమతి తీసుకోలేదు కనుక, ప్రతి ఒక్కరినీ వారు చేసిన మేలును బట్టే ప్రస్తావిస్తాను.

గొరెమె చుట్టుపక్కల నేలంతా అగ్నిపర్వతాల బూడిద గట్టిపడి ఏర్పడిన మెత్తని రాయి. ఆ రాతినే తొలిచి పూర్వం ఇళ్లూ చర్చిలూ కట్టుకున్నారు, మెట్లు కూడా ఆ రాతివే కావడంతో చాలాచోట్ల అరిగి నున్నబడి ఉన్నాయి. అమ్మగారు పడగానే ఎదురు దుకాణంలోని పెద్దాయన కుర్చీ తెచ్చి వేశారు, ఆయన కుమారుడు 112కు ఫోన్ చేసి మా పరిస్థితి వివరించాడు. నెవ్‌షెహిర్ ఆసుపత్రిలో చేయి పరీక్షించిన వైద్యురాలు మొదలుకొని, పక్క కుర్చీలో తన వంతు కోసం కూర్చున్న ముసలామె వరకు అందరూ మాతో అన్న మాట ఒక్కటే: ‘గెచ్మిష్ ఓల్సున్’, అంటే ఈ కష్టం గడిచిపోవుగాక అని. జబ్బుపడినవారు కనబడితే ముఖపరిచయం లేకపోయినా ఆ మాట అనకుండా దాటి వెళ్లరని తరువాత తెలిసింది.

రాత్రి మందుల కోసం మమ్మల్ని తిప్పిన టాక్సీ డ్రైవరుకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పాలి. అక్కడి మందుల దుకాణాలు రాత్రిళ్లు వంతులవారీగా తెరిచి ఉంచుతారు, ఆ రాత్రి ఎవరి వంతో మూసిన దుకాణాల తలుపుల మీద రాసి పెడతారు. ఆయన ఆ చీటీ చదివి, తెరిచిన దుకాణం వెతికి, మందులు కొనిపించి, తిరుగు ప్రయాణానికి డబ్బు తీసుకోవడానికి ససేమిరా అన్నారు.

ఇక మేము బస చేసిన ఇంటి యజమానురాలి గురించి ఎంత రాసినా తక్కువే. అమ్మగారు మాంసం ముట్టరని తెలుసుకుని ఆమె వేరే గిన్నె తోమి పెట్టి, మాంసపు రసం తగలకుండా ఎర్రపప్పు చారు కాచి, గోధుమ రవ్వ అన్నం, పెరుగుతో సహా గదికి తెచ్చేవారు. కుడిచేయి కట్టులో ఉన్నందున స్వయంగా చెంచాతో తినిపించేవారు కూడా. మాకు వచ్చిన టర్కిష్ ‘తెషెక్కుర్ ఎదెరిమ్’, అంటే ధన్యవాదాలు అనే మాటతో ఆగిపోయేది. మేము ఆ మాట అన్నప్పుడల్లా ఆమె ‘ఎస్తాఫురుల్లా’ అని, అంత మాట ఎందుకన్నట్టు చేయి ఊపేవారు. అమ్మగారైతే ధన్యవాదాల జోలికే వెళ్లకుండా, ‘నీ కడుపు చల్లగా ఉండ తల్లీ’ అని తెలుగులోనే దీవించేవారు. ఆ దీవెన ఆమెకు చేరిందనే నా నమ్మకం, కానీ ఉత్తరంలో రాయాలంటే నమ్మకం చాలదు కదా.

అక్కడే అంకారా విద్యార్థి సాయం అందింది. అతను మా ఉత్తరాన్ని ఊరికే అనువదించి ఇవ్వకుండా, ఎవరు ఏమి చేశారో ఓపికగా అడిగి, చేసిన మేలుకు తగిన మాట ఎంచి పెట్టాడు. మనకు ‘మీరు’ ఉన్నట్టే వారికి ‘సిజ్’ ఉందనీ, పేరు తరువాత మనం ‘గారు’ చేర్చినట్టే వారు స్త్రీలకు ‘హనిమ్’, పురుషులకు ‘బెయ్’ చేరుస్తారనీ చెప్పి, ఉత్తరమంతా ఆ పద్ధతిలోనే రాయించాడు. వైద్యురాలికి ‘చూపిన శ్రద్ధకు కృతజ్ఞతలు’ అనే నిండైన వాక్యం సరిపోయింది. టాక్సీ డ్రైవరుకు ‘సా ఓలున్’ అని రాయమన్నాడు. ఆరోగ్యంగా ఉండండి అనే దీవెనే అక్కడ కృతజ్ఞత. వండిపెట్టిన చేతులకు ‘ఎల్లెరినిజె సాలిక్’ అనాలి, అంటే ఆ చేతులకు ఆరోగ్యం కలగాలని. (వంట చేసిన మనిషికి ఇలా చెప్పే అలవాటు మా ఇంట్లో ఎన్నడూ లేదని అమ్మగారు నాన్నగారి వైపు చూసి అన్నారు.) దేవుడు మీయందు ప్రసన్నుడగుగాక అనే ‘అల్లా రాజి ఓల్సున్’ చేర్చవచ్చా అని అతను సందేహిస్తే, నిత్యం లలితా సహస్రనామం చదివే అమ్మగారే, ‘ఆవిడ దేవుడి పేరుతోనే చెప్పు, ఆవిడకు అదే ఆనుతుంది’ అని తేల్చేశారు.

ఉత్తరం చివరి వాక్యం కూడా అతను సూచించినదే, మిగతావన్నీ ఒక ఎత్తు అయితే అదొక్కటీ ఒక ఎత్తు. ఒకరి సేవ పొంది సెలవు తీసుకునేటప్పుడు అక్కడివారు ‘హక్కినిజి హెలాల్ ఎదిన్’ అంటారట. మన ‘హక్కు’ అనే మాటే ఇది: మా మీద మీకు ఏర్పడిన హక్కును మనస్ఫూర్తిగా వదులుకోండి, మేము తీర్చలేనిది మాకు బాకీగా మిగలనివ్వకండి అని వేడుకోవడం. మేలు చేసినవారికి మన మీద హక్కు ఉంటుందని ఇంత సూటిగా ఒప్పుకునే మర్యాద నాకు చాలా నచ్చింది. దానికి జవాబుగా ఆ ఇంటి యజమానురాలు పంపిన చిన్న సందేశంలో ‘హెలాల్ ఓల్సున్’, అంటే మనస్ఫూర్తిగా వదులుకున్నాను అని రాసి, వెంటనే చేయి ఎలా ఉందని అడిగారు.

ఆ విద్యార్థికి మా కుటుంబమంతా ఋణపడి ఉన్నాము. పరీక్షల నడుమ మా కోసం వెచ్చించిన సమయానికి ‘సా ఓల్’ అని చనువుగానే చెబుతున్నాము. గొరెమె వెళ్లే తెలుగువారు ఎవరైనా ఆ ఇంట్లో బస చేయాలనుకుంటే నాకు రాయండి, చిరునామా ఇస్తాను. అమ్మగారు ఆమె కోసం పట్టిన మాగాయ సీసా ఒకటి ఇక్కడ సిద్ధంగా ఉంది. కట్టు విప్పారనీ, వేళ్లు పూర్తిగా ముడుచుకుంటున్నాయనీ, మణికట్టు తిప్పడానికి మాత్రం ఇంకా వ్యాయామం చేయిస్తున్నారనీ ఆమెకు నిన్ననే జవాబు పంపాము.