నత్తలకి ఉప్పు చల్లమని రాయకండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో పెరటి తోటల పేజీ చదివాను, మిగతాదంతా బాగానే ఉంది గానీ నత్తల గురించి రాసిన ఆ నాలుగు లైన్లు చూశాక ఉండబట్టలేక రాస్తున్నా. మొక్కల చుట్టూ ఉప్పు చల్లమన్నారు, గుడ్డు పెంకులు నలిపి వెయ్యమన్నారు, అప్పటికీ తగ్గకపోతే పురుగుల మందు కొట్టమన్నారు. ఈ మూడూ చేసి చేతులు కాల్చుకున్నవాణ్ణి నేను.

ఉప్పు పడితే నత్త ఒంట్లో నీరంతా బయటికి లాగేసి చచ్చిపోతుంది, అది నిజమే, మరి ఆ ఉప్పు ఎక్కడికి పోతుందండీ? నీళ్ళు పోసినప్పుడల్లా కరిగి వేళ్ళ దగ్గరికే దిగుతుంది. నా వంగ మొక్కల ఆకుల అంచులు మాడిపోతుంటే ఇదేం తెగులురా బాబూ అని వారం రోజులు ఆకులు తిప్పి తిప్పి చూశాను, తీరా చూస్తే నా చేత్తో నేను చల్లిన ఉప్పే.

గుడ్డు పెంకుల సంగతి ఇంకా తమాషా. గరుకుగా ఉంటే నత్త దాటదు అంటారు గానీ, అది తన జిగురు తనే పరుచుకుంటూ దాని మీద పోతుంది, దానికి గరుకేంటి నునుపేంటి. 2018లో బ్రిటన్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ అనే తోటల సంఘం వాళ్ళు గుడ్డు పెంకులు, రాగి టేపు, చెట్టు బెరడు, సన్నరాళ్ళు, ఉన్ని గుళికలు ఇవన్నీ లెట్యూస్ మొక్కల చుట్టూ వేసి చూశారు, ఏమీ వెయ్యని మొక్కలకీ వీటికీ పెద్ద తేడా లేకుండా తినేశాయి. పెంకులు కంపోస్టులో వేసుకోండి, దానికి పనికొస్తాయి.

ఇక పురుగుల మందు. నత్త పురుగు కాదు సార్, ఆల్చిప్పల జాతి. పేనుబంకకి కొట్టే మందు దీన్నేం చెయ్యదు, పైగా నత్తల్ని, వాటి గుడ్లని తినే నేల పురుగులు ఆ మందుకి పోతాయి, అంటే మనమే నత్తలకి కాపలా కాసినట్టు. నత్తల కోసమే వచ్చే గుళికలు వేరే ఉన్నాయి, వాటిలో మెటాల్డిహైడ్ అని ఉంటే మాత్రం జాగ్రత్త, కుక్కలు మేతనుకుని తినేస్తాయి, ప్రాణం మీదకొస్తుంది. బ్రిటన్‌లో 2022 నుంచి తోటల్లో దాని వాడకం ఆపేశారు. ఫెర్రిక్ ఫాస్ఫేట్ గుళికలు నయం, అవి తిన్న నత్త మేత మానేసి ఎక్కడో మట్టిలోకి పోయి చస్తుంది, శవాలు కనపడలేదని పని చెయ్యలేదు అనుకోకండి, ఎక్కువెక్కువ చల్లకండి.

మరి ఏం చెయ్యాలి అంటారా, టార్చ్ లైటు పట్టుకోవడమే. చీకటి పడిన గంటా రెండు గంటల తర్వాత, ముఖ్యంగా వాన పడి తెరిపిచ్చిన రాత్రి వెళ్ళి చూడండి, పగలంతా ఒక్కటీ కనపడని చోట పదులకొద్దీ తేలతాయి, గుల్ల ఉన్నవీ గుల్ల లేనివీ (చాలామంది జలగలనుకునేవి ఈ గుల్ల లేని నత్తలే). చేతికి గ్లవ్స్ వేసుకుని ఏరి ఉప్పు నీళ్ళ బకెట్లో వెయ్యండి, ఉప్పు ఉండాల్సింది అక్కడ, ఆ నీళ్ళు మళ్ళీ మొక్కలకి పొయ్యకండి మహానుభావులారా. గ్లవ్స్ ఎందుకంటే ఆఫ్రికన్ పెద్ద నత్తలాంటి వాటిలో మనిషి మెదడు దాకా పోయే ఎలుకల నులిపురుగు ఉండొచ్చు. రాత్రి తిరగలేనివాళ్ళు సాయంత్రం తడి గోనెసంచి పరిచి పొద్దున్నే ఎత్తితే కింద అన్నీ దాక్కుని ఉంటాయి. కుండీల కింద కూడా చూడండి, మట్టిలో సగ్గుబియ్యం గింజల్లా గుంపుగా ఉంటే అవి గుడ్లే, తీసి పారెయ్యండి.

గోడ అవతలికి విసిరేస్తే పోయిందిలే అనుకోవద్దు. 2010లో బ్రిటన్‌లోనే ఒక బామ్మగారు నత్తల గుల్లలకి గోళ్ళ రంగు పూసి దూరంగా వదిలి చూస్తే 10 మీటర్ల నుంచి తిరిగొచ్చేశాయి! పక్కింటివాళ్ళతో గొడవ తప్ప లాభం లేదు.

ఇంకొక్కటి, సాయంత్రం నీళ్ళు పొయ్యడం మానేసి పొద్దున పొయ్యండి. రాత్రికి పైమట్టి ఆరిపోతే అవి తిరగలేవు. నాకైతే అన్నిటికంటే ఎక్కువ తేడా కనిపించింది ఇక్కడే, పైసా ఖర్చు లేదు. నారు కూడా రెండాకుల మీద నేలలో నాటకుండా కుండీల్లో ఎత్తున పెట్టి కాస్త కాండం గట్టిపడ్డాక నాటితే ఒకటి రెండు ఆకులు తిన్నా మొక్క తట్టుకుంటుంది.

నారు నాటే రోజులు దగ్గరికొచ్చాయి కాబట్టి వచ్చే ఆదివారం పేజీలో కనీసం ఆ ఉప్పు ముక్క వరకైనా సరిచేసి వెయ్యగలరు.

ఇట్లు,
మీ పేపర్ పాత పాఠకుడు