ఎండలు ముదరకముందే ల్యాప్‌టాప్ ఫ్యాన్ విప్పించండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మార్చి రాగానే మీ పేపర్ జిల్లా పేజీలో వడదెబ్బ జాగ్రత్తలు బాక్సు కట్టి వేస్తారు. దాని పక్కనే ల్యాప్‌టాప్‌ల గురించి కూడా నాలుగు లైన్లు వేయమని అడగడానికే ఈ ఉత్తరం. నేను ప్రొద్దుటూరులో ల్యాప్‌టాప్‌లు రిపేరు చేస్తాను. ఏప్రిల్, మే నెలల్లో నా బల్ల మీదికి వచ్చేవాటిలో చాలా వరకు చెడిపోయినవి కావు. గాలి ఆడక ఆగిపోయినవి.

తెచ్చినవాళ్లు చెప్పేది ఒకటే మాట. "అన్నా, వైరస్ ఎక్కినట్టుంది. ఆన్ చేసిన కాసేపు బాగుంటాది, తర్వాత కదలదు." వైరస్ కాదు. ప్రాసెసర్, అంటే లోపల లెక్కలన్నీ చేసే చిప్పు, వేడి 100 డిగ్రీల దాపుకు పోతే, కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి దిగకపోతే మెషినే ఆగిపోతుంది.

అసలు సంగతంతా ఫ్యాన్ దగ్గరుంది. ప్రాసెసర్‌కు ఆనుకుని ఒక రాగి గొట్టం ఉంటుంది. దాని లోపల కొద్దిపాటి నీరుంటుంది. అది వేడికి ఆవిరై అవతలి కొసకు పోతుంది, అక్కడ ఫ్యాన్ గాలికి చల్లబడి మళ్లీ నీరై వెనక్కు వస్తుంది. ఆ కొసన పలచటి రేకులు దగ్గరదగ్గరగా పేర్చి ఉంటాయి. ఫ్యాన్‌కూ ఆ రేకులకూ నడుమ ఉన్న సందులోనే దుమ్మంతా చేరుతుంది. బయటినుంచి చూస్తే ఏమీ కనపడదు. ఫ్యాన్ తీసి, గోరుతో పట్టి లాగితే గుడ్డముక్క మాదిరి ఒక్కటిగా ఊడొస్తుంది.

ఏ ఊరి మెషినో ఆ దుమ్మే చెబుతుంది. మగ్గాలున్న ఇళ్ల నుంచి, బట్టల షాపుల నుంచి వచ్చినవాటిలో నూలు పోగులు. ఎర్రగుంట్ల వైపు నుంచి వచ్చినవాటిలో సిమెంటు, నాపరాళ్ల పొడి. ఆ పొడి తేమ తగిలితే గట్టిపడుతుంది, బ్రష్‌కు రాదు. మామూలుగా ఏడాదికి ఒకసారి విప్పించుకుంటే చాలు గానీ, అటువైపు వాళ్లకు ఆరు నెలలకోసారి అని చెబుతాను. ఎప్పుడు విప్పించినా ఒకసారి మాత్రం ఫిబ్రవరిలో పడేట్టు చూసుకోండి. ఇంట్లోనే బయటినుంచి బ్లోయర్ పెట్టి ఊదేవాళ్లున్నారు. ఆ గాలికి దుమ్ము ఇంకా లోపలికి పోతుంది, ఫ్యాన్ అదుపు లేకుండా తిరిగి బేరింగ్ పోతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం. ఫ్యాన్ ఎంత గట్టిగా తిరిగినా గదిలో ఉన్న గాలినే కదా లాగేది. చాలా కంపెనీలు 35 డిగ్రీల లోపు వేడిలోనే వాడమని రాసిస్తాయి. మనకు మే నెలలో బయట 42, 43. మిద్దె మీది గది అయితే పొద్దంతా స్లాబు తాగిన వేడి పొద్దుపోయాక కూడా దిగుతూనే ఉంటుంది. పిల్లలు ఆ గదిలోనే పరుపు మీద పెట్టుకుని కోడింగ్ చేస్తారు, గేమ్స్ ఆడతారు. గాలి లాగే రంధ్రాలు చాలా మోడళ్లకు అడుగునే ఉంటాయి, పరుపు వాటిని పూర్తిగా మూసేస్తుంది. మంచం మీదే కూర్చోవాలంటే కింద ఒక చెక్క పలక పెట్టండి. బల్ల మీదైతే వెనక రెండు మూలల కింద ఏదైనా పెట్టి అంగుళం ఎత్తు లేపండి, రంధ్రాలకు అడ్డం రాకుండా. బరువైన పని ఏదైనా ఉంటే తెల్లవారుజామున చేసుకోవడం మేలు. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అని ఉంటే 100 తీసి 99 పెట్టండి. చాలా మోడళ్లలో వేగం కొంచెం తగ్గుతుంది, వేడి బాగా తగ్గుతుంది. కూలర్‌కు ఎదురుగా మాత్రం పెట్టొద్దు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆ తుంపర లోపలికి పోతే పిన్నులు తుప్పు పడతాయి. ఫ్రిజ్‌లో పెట్టి తీసేవాళ్లనూ చూశాను, దయచేసి ఆ పని చేయొద్దు. లోపల చెమ్మ పట్టి, చిప్పులన్నీ బిగించి ఉండే మదర్‌బోర్డు బాగున్నది కూడా పోవచ్చు.

మైదుకూరు వైపు పల్లె నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇంటినుంచే ఉద్యోగం. వేరే ఊళ్లో ఒక సర్వీస్ సెంటర్ వాళ్లు మదర్‌బోర్డు పోయిందన్నారట. వాళ్లడిగిన డబ్బుకు వాళ్ల నాన్న పసుపు అమ్మడానికి సిద్ధపడ్డాడు. విప్పి చూస్తే బోర్డుకు ఏమీ కాలేదు. ప్రాసెసర్ వేడిని రాగి గొట్టానికి అందించడానికి మధ్యలో పూసే థర్మల్ పేస్ట్ ఎండి పెచ్చులు కట్టింది, రేకులు దుమ్ముతో మూసుకుపోయాయి. కడిగి, కొత్త పేస్ట్ వేస్తే ఆ సాయంత్రానికే పని చేసింది. రైతు కష్టార్జితం ఇలా పోతుంటే నాకు కడుపు మండుతుంది. బోర్డు పోయిందని ఎవరన్నా చెబితే, ముందు మీ కళ్ల ముందే కవర్ విప్పి ఫ్యాన్ చూపించమనండి. నిజాయితీగా పని చేసే మెకానిక్ ఎవరూ కాదనరు.

బ్యాటరీ సంగతి అన్నిటికంటే భయం. వేడికి తొందరగా పాడయ్యేది అదే. నిండా ఛార్జ్ చేసి, వైరు తీయకుండా ఎండాకాలమంతా వాడితే ఉబ్బే ప్రమాదం ఉంది. 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఇప్పుడు చాలా వాటిలో ఉంది, అది ఆన్ చేసుకోండి. మధ్యాహ్నం ఎండలో ఆపిన కారులో ల్యాప్‌టాప్ వదిలి పోవద్దు. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగ్గా పడకపోయినా బ్యాటరీ ఉబ్బిందేమో అనుకుని వెంటనే ఆఫ్ చేయండి. మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, గుచ్చొద్దు. లోపలి పొరలు ఒకదానికొకటి తగిలితే మంట లేస్తుంది.

అలాంటి బ్యాటరీని చెత్తబండిలో వేస్తే బండిలోనే అంటుకోవచ్చు. మా షాపులో తీసినవన్నీ ఇసుక బకెట్‌లో పెట్టి ఉంచుతున్నాను. వీటిని తీసుకోవడానికి మన జిల్లాలోని మున్సిపాలిటీలు ఊరికొక చోటు చూపించి, ఆ అడ్రసు మీ పేపర్లో వేయిస్తే, నేనూ నాలాంటి షాపులవాళ్లూ నెలనెలా తెచ్చి అప్పజెబుతాం.

ఇట్లు,
ఒక ల్యాప్‌టాప్ మెకానిక్,
ప్రొద్దుటూరు, కడప జిల్లా