కుంగుబాటు తగ్గిందో లేదో హాజరు పట్టీ చెప్పలేదు

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో కౌన్సెలింగ్, గణాంక శాస్త్రం రంగాల్లో పనిచేసే కొందరం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. ఆందోళన, కుంగుబాటు ఉన్నవాళ్లు తమంతట తాము సాధన చేసుకునే కార్యక్రమాల గురించి. స్వయంసహాయం అనగానే మన దగ్గర డ్వాక్రా సంఘాలు గుర్తొస్తాయి. ఇది వేరు. వదిలేసిన పనుల్ని రోజుకొకటిగా మళ్లీ మొదలుపెట్టడం, బెంగపెట్టే ఆలోచనను కాగితం మీద రాసి అది ఎంతవరకు నిజమో చూసుకోవడం, ఊపిరి మీద ధ్యాస పెట్టడం వంటివాటిని చిన్న పుస్తకంగానో ఆడియోగానో ఫోన్ యాప్‌గానో ఇస్తారు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం ఇలాంటి సాధారణ మానసిక సమస్యలున్న నూటికి 85 మందికి చికిత్స అందడం లేదు. కాబట్టి ఈ కార్యక్రమాలు మనకు కావాలి. కావాలి గనుకే వాటిని సరిగ్గా కొలవమని అడుగుతున్నాం.

ఎంతమంది హాజరయ్యారు, ఎంతమంది యాప్ దించుకున్నారు, ఎంతమంది ‘బాగుంది’ అన్నారు అనే లెక్కలు బాధ తగ్గిందో లేదో చెప్పవు. కార్యక్రమానికి ముందూ తర్వాతా బాధకు స్కోరు వేసి తగ్గిందనడం కూడా చాలదు. గోవాలో 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో జరిగిన, 2017లో వెలువడిన కుంగుబాటు అధ్యయనం ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ రోగుల్ని రెండు పక్షాలుగా, అంటే రెండు గుంపులుగా విడదీశారు. వైద్య చదువు లేని మామూలు కౌన్సెలర్లు ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడిన పక్షంలో మూడు నెలలకు 64 శాతం మంది తేరుకున్నారు. కౌన్సెలింగ్ లేకుండా డాక్టరు మామూలుగా చూసిన పక్షంలోనూ 39 శాతం మంది తేరుకున్నారు. ఆ రెండో పక్షమే లేకపోతే మొత్తం 64 కార్యక్రమం ఖాతాలో పడేది. మనుషులు సాయం అడిగేది బాధ బాగా ముదిరిన రోజుల్లో. ఆ తర్వాత కొంత దానంతటదే దిగుతుంది. అది పోగా మిగిలిందే కార్యక్రమం చేసిన మేలు.

కొలిచే సాధనాలను కొత్తగా తయారుచేయనక్కర్లేదు. కుంగుబాటుకు పీహెచ్‌క్యూ-9, ఆందోళనకు జీఏడీ-7 అనే చిన్న ప్రశ్నాపత్రాలు ఉన్నాయి. రెండూ ఉచితం, తెలుగులోనూ దొరుకుతాయి. మొదటిదాని స్కోరు 0 నుంచి 27 దాకా, రెండోదానిది 0 నుంచి 21 దాకా. 10 గానీ అంతకు మించి గానీ వస్తే పట్టించుకోవాల్సిన స్థాయి. పీహెచ్‌క్యూలో ఒక మనిషికి కనీసం 5 తగ్గితేనే నిజమైన మార్పుగా లెక్కించాలి. ఒకటి రెండు పాయింట్ల తేడా మామూలు ఒడిదుడుకులకే వస్తుంది. స్కోరు పెరిగితే బాధ పెరిగినట్టు అని సిబ్బందికి శిక్షణలో గట్టిగా చెప్పాలి. ఎక్కువ మార్కులు మంచివనే బడి అలవాటు ఇక్కడ తప్పులు చేయిస్తుంది.

అసలు చిక్కు అడిగే తీరులో వస్తుంది. గత రెండు వారాల్లో ఆ బాధ ఎంత తరచుగా ఉందో ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. ‘కొన్ని రోజులు’, ‘సగానికి పైగా రోజులు’ అనే రెండు జవాబుల మధ్య తేడా చదువురాని పెద్దవాళ్లకు తేలదు. ‘అప్పుడప్పుడూ ఉంటాది’ అంటారు, రాసేవాళ్లు తోచిన గడిలో టిక్కు పెడతారు. రోజులే అడగండి: పోయిన 14 రోజుల్లో ఎన్ని రోజులు? సున్నా లేదా ఒకటి అయితే 0, రెండు నుంచి ఆరు అయితే 1, ఏడు నుంచి పదకొండు అయితే 2, పన్నెండు నుంచి పద్నాలుగు అయితే 3. ‘రెండు శనివారాల కిందటి నుంచి’ అంటే మన దగ్గర ఎవరికైనా లెక్క అందుతుంది. నగరి, కుప్పం వైపు తమిళ, కన్నడ ప్రతులు కూడా పెట్టాలి. ఇంట్లో తమిళం మాట్లాడే మనిషిని మనసు సంగతి తెలుగులో అడిగితే మర్యాదకు ‘ఏం లేదు’ అనేస్తారు.

కార్యక్రమం నడిపిన మనిషే స్కోరు అడగకూడదు. తనకు పుస్తకం ఇచ్చి, రెండు సార్లు ఫోన్ చేసి పలకరించిన ఏఎన్ఎమ్ ముందు ‘తగ్గలేదమ్మా’ అనడానికి ఎవరికైనా మొహమాటమే. వేరే మండలం నుంచి, ఎవరు ఏ పక్షమో తెలియని వ్యక్తి ఫోన్ చేయాలి.

మధ్యలో మానేసినవాళ్లను లెక్కలోంచి తీసేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. వందమంది చేరి 40 మంది చివరిదాకా ఉన్నారనుకోండి. ఆ 40 మందికి సగటున 7 పాయింట్లు తగ్గితే నివేదికలో ‘7’ అని రాస్తారు. మిగతా 60 మందికి ఏ మార్పూ లేకపోతే అసలు సగటు 2.8 మాత్రమే. అందుకే చివర్లో ఒక్కసారి కాకుండా ప్రతి సెషన్‌లోనూ స్కోరు తీసుకోవాలి. ఇంగ్లండులో ప్రభుత్వ మానసిక చికిత్స సేవల్లో చేస్తున్నది ఇదే. మానేసినవాళ్ల చివరి స్థితి కూడా అప్పుడు చేతిలో ఉంటుంది. ఆపై ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు చూడాలి. స్కోరు 5 పెరిగినవాళ్ల సంఖ్యను కూడా అదే పేజీలో రాయాలి.

పోల్చడానికి విలేజ్ హెల్త్ క్లినిక్‌లే తగిన యూనిట్. ఒకే ఊళ్లో కొందరికి ఇచ్చి కొందరికి ఇవ్వకపోతే ఆడియో వాట్సాప్‌లో సాయంత్రానికే ఊరంతా తిరుగుతుంది. అయితే ఒకే ఊరివాళ్ల జవాబులు ఒకదానికొకటి కొంత దగ్గరగా ఉంటాయి కాబట్టి ఎక్కువ మంది కావాలి. చిన్నపాటి ప్రభావాన్ని పట్టుకోవడానికి మామూలుగా పక్షానికి సుమారు 175 మంది చాలు. క్లినిక్‌కు 20 మంది చొప్పున తీసుకుంటే అది దాదాపు రెట్టింపవుతుంది. నాలుగో వంతు మానేస్తారని కలుపుకుంటే సుమారు 455. అంటే ఒక్కో పక్షానికి 23 క్లినిక్‌లు. ఆ 46 పేర్లు చీటీలు రాసి అందరి ముందు తీయండి. మొదటి 23కు ఇప్పుడు, మిగతా 23కు ఆరు నెలల కొలత ముగిశాక. ఎవరికీ అన్యాయం జరగదు. జూన్‌లో తోతాపురి మామిడి ధర పడిపోయినా, ఇంటర్ ఫలితాలు వచ్చినా ఆ దిగులు రెండు పక్షాలకూ సమానంగా తగులుతుంది, పోలిక చెడదు. ఆగి ఉన్న 23 చోట్ల మాత్రం మామూలు వైద్యం ఆగకూడదు.

పీహెచ్‌క్యూ తొమ్మిదో ప్రశ్న చనిపోవాలనే ఆలోచనల గురించి. దానికి 0 కాకుండా ఏ జవాబు వచ్చినా ఆ కాగితం కట్టలోకి వెళ్లకూడదు. అదే రోజు, ఆ మనిషి అక్కడ ఉండగానే మాట్లాడి డాక్టరుకు చూపించాలి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు కలపాలి. ఈ ఏర్పాటు లేని క్లినిక్‌లో ప్రశ్నాపత్రమే పంచవద్దు. పీహెచ్‌క్యూ స్కోరు 20 గానీ ఆపైన గానీ ఉన్నవాళ్లకు పుస్తకమో యాపో ఇచ్చి ఊరుకోకుండా నేరుగా వైద్యం అందించాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా ఇచ్చింది. కాబట్టి పేర్లున్న పట్టికలు వాట్సాప్ గ్రూపుల్లో తిరగకూడదు. జిల్లాకు పేర్లు లేకుండా అంకెలు మాత్రమే వెళ్లాలి.

అధ్యయనం మొదలుపెట్టే ముందే ఏది కొలుస్తారో, ఎప్పుడు కొలుస్తారో భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయించండి. అప్పుడు ఫలితం నచ్చకపోయినా దాచడం కష్టమవుతుంది. విశ్లేషణను కార్యక్రమం తయారుచేసినవాళ్ల చేతిలో పెట్టకండి. తిరుపతిలోనే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, గణాంకాలు తెలిసినవాళ్లున్నారు.

ఇదంతా సిద్ధమయ్యేలోపు ఒక సర్క్యులర్ చాలు. నెలవారీ నివేదికలో హాజరు గడి పక్కన నాలుగు గడులు చేర్చండి: చేరినవాళ్లు, మానేసినవాళ్లు, 5 పాయింట్లు తగ్గినవాళ్లు, 5 పాయింట్లు పెరిగినవాళ్లు. ఈ గడులు ఎలా నింపాలో రెండు జిల్లాల సిబ్బందికి నేర్పడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల కౌన్సెలర్లు, గణాంక ఉపాధ్యాయులు కొందరు